ఖాళీ చేయించిన హాస్టలు - ఎవరి భద్రత?

మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి, 2025 అక్టోబరు 28న, మా అమ్మాయిల హాస్టలు ఖాళీగా ఉంది. మూడంతస్తుల కాంక్రీటు భవనం. పైన పెద్ద నీళ్ల ట్యాంకు, కింద వంటశాల, స్టోరు గదిలో వారం రోజులకు సరిపడా బియ్యం, పప్పు, నూనె. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో అంతకంటే గట్టి కట్టడం లేదు. ఆ రాత్రి అందులో ఒక్క ప్రాణి లేదు. తాళం చెవి నా దగ్గర ఉంది. ఆ హాస్టలుకు డిప్యూటీ వార్డెన్ని నేనే.

మా సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే "అక్కడంతే లెండి" అని మిగతా వాళ్లంతా చేతులు దులుపుకుంటారు. ఆ వారంలో నాకు తెలిసిన నలుగురైదుగురు లెక్చరర్లతో మాట్లాడాను. అందరి దగ్గరా ఇంచుమించు ఇదే కథ. అందువల్ల ఇది ఒక కాలేజీ మీద ఫిర్యాదు కాదు. తుపాను వస్తుందంటే మన విద్యాసంస్థలు ఏం కాపాడుకుంటాయి, ఎవరిని బయటికి పంపుతాయి అన్న ప్రశ్న.

ఆదివారం సాయంత్రం సమావేశం పెట్టారు. బల్ల చుట్టూ పధ్నాలుగు మందిమి, అందులో ఆడవాళ్లం ఇద్దరం. విద్యార్థినులు గానీ, వంటశాలలో, పారిశుధ్యంలో పనిచేసేవాళ్లు గానీ ఎవరూ లేరు. వాళ్లను పిలవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. చెట్ల కొమ్మలు కొట్టించడం, జనరేటరుకు డీజిలు నిల్వ చేయడం, సర్వర్ల గది గుమ్మానికి ఇసుక బస్తాలు, కంప్యూటర్లను నేల మీద నుంచి బల్లల మీదికి ఎత్తి పాలిథిన్ కప్పడం, డాబా మీద సోలారు పలకలకు బిగింపులు, గేటు దగ్గరి ఫ్లెక్సీలు దించడం, పరీక్షల వాయిదా. ఇవన్నీ చేయవలసినవే. కాదనను. విరిగిన కొమ్మ ఎవరి నెత్తిన పడుతుందో, పగిలిన అద్దం ఎవరి కంట్లో గుచ్చుకుంటుందో ఎవరూ చెప్పలేరు. సర్వర్ల గది గురించి అరగంట పైగా మాట్లాడారు. జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుంది, దాన్నుంచి ఏయే లైన్లు తీయాలి అని కాగితం మీద బొమ్మ కూడా గీశారు. ఆ బొమ్మలో అమ్మాయిల హాస్టలు నీళ్ల మోటారు లేదు.

అమ్మాయిల సంగతి చివర్లో వచ్చింది. ఐదు నిమిషాలు పట్టిందేమో. "పంపించేద్దాం. మనకెందుకు రిస్కు? రేపేదైనా జరిగితే పేపర్లో వచ్చేది మన పేరు." అబ్బాయిల సంగతేమిటని ఎవరో అడిగారు. "మగపిల్లలు వాళ్లే చూసుకుంటారు. వెళ్లేవాళ్లు వెళ్తారు, ఉండేవాళ్లు ఉంటారు." ఎక్కడికి పంపిస్తామని నేను అడిగాను. "ఇళ్లకు" అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, మర్నాడు పొద్దున నోటీసు మీద రెండో సంతకం నాదే.

ఆ నోటీసులో మూడు వాక్యాలున్నాయి. విద్యార్థినులందరూ సోమవారం మధ్యాహ్నం మూడు గంటలలోగా హాస్టలు ఖాళీ చేయవలెను. తల్లిదండ్రులు స్వయంగా వచ్చి తీసుకువెళ్లవలెను, లేదా ఫోనులో అనుమతి తెలుపవలెను. హాస్టలు విడిచిన తరువాత జరుగు దేనికీ సంస్థ బాధ్యత వహించదు. మొదటి రెండు వాక్యాలూ మూడో దాని కోసం రాసినవని ఇప్పుడు చదువుతుంటే తెలుస్తోంది. అమ్మాయి ఎక్కడ క్షేమంగా ఉంటుందన్నది అక్కడ లెక్కలోకే రాలేదు. ఆమెకేమైనా అయితే జవాబు ఎవరు చెప్పుకోవాలన్నదే లెక్క. తండ్రి చేతికి అప్పగించాం, ఇక ఆయన పాట్లు ఆయనవి.

ఇక్కడ ఒక సంగతి చూడండి. రోజూ సాయంత్రం ఆరున్నర కొట్టగానే గేటు వేసి అమ్మాయిలను లోపల పెట్టేది వాళ్ల భద్రత కోసం. లైబ్రరీకి వెళ్తామన్నా, ట్యూషనుకు వెళ్తామన్నా ససేమిరా. బయట ప్రపంచం ప్రమాదకరం. తుపాను వచ్చే రోజున అదే గేటు తీసి అదే బయటికి పంపించేదీ వాళ్ల భద్రత కోసమే! రెండు చోట్లా భద్రత అన్న మాట ఒక్కటే. రెండు చోట్లా ఆ మాటకు అర్థం మా తలనొప్పి తగ్గడం.

ఆ మధ్యాహ్నం నా గది ముందు వరస కట్టిన వాళ్లలో కొల్లేటి లంకల అమ్మాయి ఒకతె ఉంది. మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. బ్యాగు సర్దుకోలేదు, చేతిలో నోటీసు పట్టుకుని వచ్చింది. "మేడమ్, మా ఊళ్లో వాళ్లనే బడికి తీసుకుపోతామని చెప్పారంటండి. మా అమ్మ ఫోన్ చేసింది. నన్ను ఏ ఇంటికి పంపుతారండీ?"

కొల్లేరు సంగతి ఈ పత్రిక పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. అయినా చెప్పుకోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితో పాటు లెక్కలేనన్ని డ్రెయిన్లు అందులోకి వచ్చి పడతాయి. నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే, అది కూడా అరవై కిలోమీటర్ల పైచిలుకు వంకర దారి. తుపాను వస్తే పైన వాన, కింద సముద్రం పోటు. పోటు మీద ఉన్న సముద్రం ఉప్పుటేరు నీటిని తీసుకోదు. సరస్సులో నీరు రోజుల తరబడి అలాగే నిలబడుతుంది. గాలి వెలిసినా లంకల్లో ప్రమాదం వెలవదు, అప్పుడే మొదలవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఊరు ఊరంతా టీవీలో చూశాం. ఆ నీరంతా తర్వాత ఎక్కడికి పోయింది? కొల్లేటికే. లంక గ్రామాల రోడ్లు మునిగాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు మీద నీరెక్కి రాకపోకలు ఆగిపోయాయి. విజయవాడ తేరుకుంటున్న రోజుల్లో లంకల వాళ్లు పడవల మీద తిరిగారు.

సరస్సును 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంపారు. గట్లు మళ్లీ లేచాయి. గట్లు ఎవరివి, లాభం ఎవరికి, మునక ఎవరికి అన్నది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేది ఇంతే. "ఇంటికి వెళ్లండి" అని నోటీసు రాసిన వాళ్ల మనసులో ఒక ఇల్లుంది. డాబా ఇల్లు, మెరక మీద, రోడ్డు పక్కన, కారుతో వచ్చి తీసుకెళ్లే నాన్న. ఆ ఇల్లు లేని పిల్లలు మా హాస్టల్లో సగం మంది. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాక చేరిన పిల్లలు వీళ్లే. చేర్చుకునేటప్పుడు వాళ్ల కులం, ఆదాయం, ఊరు అన్నీ ఫారంలో రాయించుకున్నాం. తుపాను రోజున ఆ ఫారాలు ఎవరూ తీసి చూడలేదు.

నేనేం చేశానని అడుగుతారు. "ఎవరైనా స్నేహితురాలి ఇంటికి వెళ్లు" అని చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు అది సాయం అనే అనుకున్నాను. ఏలూరులో ఒక స్నేహితురాలి బంధువుల ఇంట్లో మూడు రాత్రులు ఉందట. తిరిగి వచ్చాక ఎలా ఉన్నావమ్మా అని అడిగితే "నిద్ర పట్టలేదు మేడమ్" అని మాత్రం అంది. నేను ఇంకేమీ అడగలేదు. అడగవలసింది.

సెలవుల తర్వాత ఇంకొక అమ్మాయి అసలు రాలేదు. సంబంధం కుదిరిందట. ఇంట్లో ఎప్పటి నుంచో ఒత్తిడి చేస్తున్నారని, ఏదో ఒక వంకతో ఊరికి వెళ్లడం వాయిదా వేసుకుంటోందని తర్వాత తెలిసింది. దానికీ తుపానుకూ సంబంధం లేదంటారు. సరే.

కొందరు తల్లిదండ్రులు ముందే ఫోన్లు చేసి, వచ్చి తీసుకువెళ్లిన మాట నిజమే. ఇంటికి వెళ్లాలనుకున్న పిల్లలను ఎవరూ ఆపనక్కర్లేదు, ఆపకూడదు కూడా. మా ప్రశ్న ఆ పిల్లల గురించి కాదు. వెళ్లలేని పిల్ల, వెళ్లడం ఇష్టం లేని పిల్ల, వెళ్తే ప్రమాదమున్న పిల్ల గురించి. అబ్బాయిలకు ఇచ్చిన "ఉండేవాళ్లు ఉంటారు" అన్న మాట ఆ పిల్లలకు ఎందుకు లేదు? యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2015లో లైంగిక వేధింపుల నివారణకు నిబంధనలు తెచ్చింది. విద్యార్థినుల భద్రతను సాకుగా చూపించి హాస్టళ్లలో మగపిల్లలకు లేని నియమాలు ఆడపిల్లలకు పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. గేటు వేళల గురించి ఆ నిబంధనను పట్టుకుని ఢిల్లీలో విద్యార్థినులు వీధిలోకి వచ్చారు. గేటు వేయడానికి వర్తించేది గేటు బయటికి నెట్టడానికి వర్తించదా?

ఆ రాత్రి మా జిల్లాల్లో రోడ్ల మీద వాహనాలు తిరగవద్దని ప్రభుత్వమే ఆదేశించింది. రైళ్లు రద్దయ్యాయి. ముందు రోజు నుంచే బస్సులు పల్చబడ్డాయి. జనమంతా గట్టి కప్పు కింద చేరాలని కలెక్టర్లు మైకుల్లో చెప్పిస్తున్న సమయంలో గట్టి కప్పు కింద ఉన్న పిల్లలను మేం రోడ్డెక్కించాం. డెల్టా లోపలి ఊళ్లలో తుపాను మనుషులను చంపేది ఎక్కువగా కూలిన గోడలతో, విరిగిన చెట్లతో, తెగిన కరెంటు తీగలతో. అవన్నీ ఉండేది దారిలోనే, పూరి ఇంట్లోనే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగినప్పుడు చనిపోయిన వాళ్లు పదివేల మందికి తక్కువ లేరు. ఆ తర్వాత కోస్తా పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. చాలా చోట్ల మామూలు రోజుల్లో వాటినే బడులుగా వాడుకున్నారు. 1990 మే తుపానుకు లక్షలాది మందిని ముందే తరలించారు కాబట్టి గాలి అంతటిదైనా చావులు వెయ్యి లోపే ఆగాయి. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు మళ్లీ వెయ్యి దాటాయి. ఒడిశా 1999లో దాదాపు పదివేల మందిని పోగొట్టుకుని, పాఠం నేర్చుకుని, 2019లో ఫని వచ్చేసరికి పన్నెండు లక్షల మందిని గట్టి భవనాల్లోకి చేర్చగలిగింది. నేర్చుకున్న పాఠం చాలా చిన్నది. మనుషులను గట్టి కప్పు కిందికి తేవాలి. ఊళ్లో గట్టి కప్పు అంటే బడి, కాలేజీ. ప్రభుత్వ బడి గదులను తుపాను రోజున ఊరందరికీ తెరుస్తారు. ఆ లంక అమ్మాయి తల్లి, చెల్లెలు ఆ రాత్రి పడుకున్నది అలాంటి బడిలోనే. రెండు గదులు, ఒక మరుగుదొడ్డి, వరండాలో వంట. ఆ అమ్మాయి ఖాళీ చేసి వచ్చింది నూట అరవై గదులు, జనరేటరు, ఆర్వో నీళ్లు ఉన్న భవనం. ఏది విద్యాసంస్థ, ఏది పునరావాస కేంద్రం?

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా పోయినా, భీమవరం దాకా పోయినా దారి పొడవునా కాలేజీ భవనాలే. ప్రభుత్వ భూములు తీసుకుని కట్టినవి, రాయితీలు పుచ్చుకుని కట్టినవి, ప్రజల పన్నుతో ఫీజులు అందుకుంటున్నవి. తుపాను రోజున వాటి గేట్లు ఎవరికి తెరుచుకున్నాయి? ఊళ్లో వాళ్లకు తెరవడం మాట దేవుడెరుగు, సొంత విద్యార్థినులకే మూసుకున్నాయి.

అమెరికా ఉదాహరణ చెబితే మనవాళ్లకు తొందరగా ఎక్కుతుందని చెబుతున్నాను, అక్కడంతా బాగుందని కాదు. 2017లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు మయామీలోని ఫ్లోరిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయం పక్క కౌంటీ నుంచి ఖాళీ చేసి వచ్చిన జనానికి తన ఆవరణలో ఆశ్రయమిచ్చింది. 2005లో కత్రినా వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌లోని తులేన్ విశ్వవిద్యాలయం ఇళ్లకు వెళ్లలేని విద్యార్థులను బస్సులెక్కించి పక్క రాష్ట్రంలోని జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి తీసుకువెళ్లింది. అదే నగరంలో కారు లేని నల్లజాతి పేదలను స్టేడియంలో వదిలేసిన సంగతీ మరిచిపోకూడదు. కానీ ఖాళీ చేయించడమంటే ఏమిటో ఇక్కడ చూడండి. ఒక చోటి నుంచి తీసుకుని ఇంకొక చోట చేర్చడం. గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టించుకుని వదిలేయడాన్ని ఆ పేరుతో పిలవకూడదు.

తుపానులో ఆడవాళ్లు ఎందుకు ఎక్కువగా చస్తారన్న ప్రశ్నకు ప్రకృతి దగ్గర జవాబు లేదు. 1991లో బంగ్లాదేశ్ తుపానులో లక్షా ముప్పై వేల మందికి పైగా పోయారు. ఇరవై నుంచి నలభై నాలుగేళ్ల వయసు వాళ్లలో మగవాళ్లు వెయ్యికి 15 మంది చనిపోతే ఆడవాళ్లు 71 మంది చనిపోయారు. హెచ్చరిక మగవాళ్లు కూడే చోటికి చేరి ఇంట్లోకి చేరలేదు. భర్త వచ్చి చెబితే గానీ గడప దాటకూడదనుకున్న వాళ్లున్నారు. మగవాళ్లతో కిక్కిరిసిన, మరుగు లేని షెల్టరుకు వెళ్లడానికి సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లున్నారు. ముప్పై ఏళ్లు దాటాక తండ్రి ఫోను అనుమతి లేకుండా కదలకూడదని మేం నోటీసు రాస్తున్నాం. గాలి వేగం ముందే చెప్పే పరికరాలు మాత్రం బాగా మెరుగయ్యాయి.

మన చట్టమూ ఆడవాళ్లను ఎలా చూస్తుందో చెప్పి ముందుకు పోతాను. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో సహాయానికి కనీస ప్రమాణాలు చెప్పే 12వ సెక్షన్ ఉంది. ఆహారం, నీరు, వైద్యం, పారిశుధ్యం అన్నీ చెప్పాక వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లని రాశారు. 61వ సెక్షన్‌లో సహాయం పంపకంలో స్త్రీ పురుష భేదం, కుల మత భేదం చూపకూడదన్నారు. మంచిదే. అంటే ఆడమనిషి చట్టానికి ప్రత్యేకంగా కనిపించేది మొగుడు పోయాక! అప్పటిదాకా ఆమె ఎవరో ఒకరి కుటుంబంలో ఒక తల. చదువుకునే పిల్ల, సొంతంగా హాస్టల్లో బతికే పిల్ల, కూలికి పోయే ఆడది ఆ మాటల్లో ఎక్కడా లేదు.

ఇక వంటశాల ఆడవాళ్ల సంగతి. దీని గురించి రాయాలనే కలం పట్టాను, రాయడానికి సిగ్గుగా ఉండి ఇంతసేపు తప్పించుకున్నాను.

అబ్బాయిలు ముప్పై నలభై మంది హాస్టల్లో ఉండిపోయారు. వాళ్లకు వండి పెట్టాలి. మా అమ్మాయిల హాస్టలు వంటశాల నుంచి ఆరుగురు ఆడవాళ్లను కాంట్రాక్టరు అటు పంపాడు. ఆడపిల్లలు ఆవరణలో ఉండటం ప్రమాదమని పొద్దున నిర్ణయించిన వాళ్లకు ఆ ఆరుగురు ఆడవాళ్లని మధ్యాహ్నం గుర్తు రాలేదు. మంగళవారం పొద్దున వచ్చారు. సాయంత్రానికి గాలి పెరిగింది, ఆటోలు లేవు, రోడ్డెక్కవద్దన్న ఆదేశం వచ్చింది. ఇళ్లకు వెళ్లే దారి లేక అబ్బాయిల మెస్సులో పిండి బస్తాల పక్కన గోనెలు పరుచుకుని పడుకున్నారు. ఇంటి దగ్గర పిల్లలు ఇరుగుపొరుగు వాళ్లతో పునరావాస కేంద్రానికి పోయారు. ఒకామె ఇంటి మీద రేకులు రెండు లేచిపోయాయి.

నాలుగు రోజుల తర్వాత హాస్టలు తెరిచినప్పుడు వాళ్లలో పెద్దామెను పలకరించాను. ఆమె మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీరు తాళం ఏసుకుని ఎల్లిపోయారు కదండీ. ఆ మెస్సులో ఆడోళ్లకి దొడ్డి లేదండి. అబ్బాయిల బాత్రూముల్లోకి ఎట్టా ఎల్తామండి. తెల్లార్లూ నీళ్లు తాగకుండా కూకున్నామండి." వాళ్లలో ఒక పిల్లకు ఆ రోజు బహిష్టు. ఇరవై ఏళ్ల పిల్ల. వాన పడుతుంటే ఇద్దరు చీర అడ్డం పట్టుకుని గోడ వెనక్కి తీసుకువెళ్లారట.

వంద గజాల దూరంలో నలభై స్నానాల గదులు, నలభై మరుగుదొడ్లు ఉన్న భవనానికి తాళం వేసి ఉంది. చెవి నా బ్యాగులో ఉంది. నేను ఏలూరులో మా ఇంట్లో కిటికీలు వేసుకుని టీవీలో తుపాను చూస్తున్నాను. నాకు ఆ మూడు రోజులూ జీతంతో సెలవు.

ఆరుగురికీ ఆ రోజుల కూలి ఇచ్చారు. వంటకు పిలవని వాళ్లు, అంటే మా హాస్టల్లో ఊడ్చేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, పనికి రాలేదు కాబట్టి డబ్బు లేదన్నారు. పనికి రావద్దని చెప్పింది మేం. పని లేదు కాబట్టి కూలి లేదంటున్నదీ మేమే. కాంట్రాక్టరును అడిగితే "సంస్థ ఇవ్వనిదే నేనెక్కడి నుంచి తేను" అంటాడు. సంస్థను అడిగితే "వాళ్లు మా ఉద్యోగులు కారు" అంటుంది. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ఉన్నప్పుడైనా, దాన్ని కలిపేసుకున్న 2020 కోడ్‌లోనైనా, కాంట్రాక్టరు ఎగ్గొట్టిన వేతనానికి పని చేయించుకున్న అసలు యజమానే బాధ్యుడు. ఇంకొక అన్యాయం కూడా జరిగింది. పునరావాస కేంద్రాలకు చేరిన కుటుంబాలకు ప్రభుత్వం డబ్బు, బియ్యం ప్రకటించింది. కేంద్రంలో ఎవరున్నారో చూసి పేర్లు రాసుకున్నారు. అబ్బాయిలకు అన్నం వండుతున్న తల్లి పేరు ఏ కేంద్రంలో రాస్తారు? పిల్లలు ఇరుగుపొరుగు వాళ్ల కుటుంబం లెక్కలో కలిసిపోయారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో నిలబడిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోవలసి వచ్చిందని అక్కడ పనిచేసే మిత్రులు చెప్పుకున్నారు. నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు, నీళ్లకు బారులు తీరారు. గాలి ఒక్క రోజు వీచింది. నీళ్లు లేని రోజులు మాత్రం చాలా నడిచాయి. అంత అనుభవం కళ్ల ముందు ఉండగా మా సన్నాహాల కాగితంలో నీళ్ల మోటారు లేదు, బహిష్టు గుడ్డల మాట లేదు, గర్భిణీ ఉద్యోగిని మాట లేదు, రాత్రి చిక్కుకుపోయే పనివాళ్లు ఎక్కడ పడుకుంటారన్న మాట లేదు. ఇవి చిన్న విషయాలనే వాళ్లు ఒక్క రాత్రి నీళ్లు తాగకుండా కూర్చుని చూడాలి.

డిసెంబరులో మేం ఏడుగురు లెక్చరర్లం, కొందరు విద్యార్థినులు, వంటశాల ఆడవాళ్లు కలిసి అర్జీ పెట్టాం. పనివాళ్లు వేలిముద్రలు వేయడానికి మొదట వెనుకాడారు, ఉద్యోగం పోతుందని. పెద్దామె ముందు వేసింది. హాస్టలు ఎవరినీ బలవంతంగా ఖాళీ చేయించకూడదని, ఉండదలచుకున్న ఆడపిల్లకు మగపిల్లతో సమానంగా ఉండే హక్కు ఉండాలని, వెళ్లేవాళ్లకు సంస్థ బస్సులు నడిపి గమ్యం చేరారో లేదో కనుక్కోవాలని, ఆడవాళ్ల హాస్టలు మోటారుకు జనరేటరు లైను వేయాలని, తుపాను రోజుల కూలి కాంట్రాక్టు పనివాళ్లకు కోయకూడదని, రాత్రి ఉండిపోవలసి వస్తే వాళ్లకూ వాళ్ల పిల్లలకూ హాస్టల్లోనే గదులివ్వాలని రాశాం. చివరగా, ఆ బల్ల చుట్టూ విద్యార్థినుల నుంచి ఇద్దరు, పనివాళ్ల నుంచి ఇద్దరు కూర్చోవాలని. ఈ ఆఖరి దానికే ఎక్కువ కోపం వచ్చింది. "వంటమనిషికి విపత్తు నిర్వహణ ఏం తెలుసు?" అన్నారొకరు. వందల మందికి మూడు పూటలా వండే మనిషికి ఎన్ని రోజులకు ఎంత నీరు, ఎంత గ్యాసు కావాలో తెలియదట. పిల్లల ఊళ్లు, మెరకలు పల్లాలు తెలియని మాకు తెలుసట.

జవాబుగా "పరిశీలించబడును" అని ఒక లైను వచ్చింది. జనరేటరు లైనుకు ఎస్టిమేటు వేయమన్నారని విన్నాం. మూడు రోజుల కూలి ఇంకా రాలేదు. కార్మిక శాఖకు రాయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. నన్ను డిప్యూటీ వార్డెన్ బాధ్యత నుంచి తప్పించే ఆలోచన ఉందని కూడా విన్నాను. తాళం చెవి అప్పగించే ముందు దానికి ఇంకొక నకలు చేయించి వంటశాల పెద్దామె దగ్గర ఉంచాలని నా వినతి. అదీ రాసి ఇచ్చాను.

మన తీరానికి తుపానులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాదు, మే నెలలోనూ వస్తాయి. 1990లో వచ్చినది మేలోనే. 2010 లైలా మేలోనే. ఈ పత్రిక చదివేవాళ్లలో హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు, వార్డెన్లు, మెస్సుల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. 2025 అక్టోబరు ఆఖరి వారంలో మీ దగ్గర అంటించిన నోటీసు దొరికితే దాని నకలు మాకు పంపండి. ఎన్ని గంటలకు ఖాళీ చేయమన్నారు, అబ్బాయిలకు ఏం చెప్పారు, వంట ఎవరు చేశారు, వాళ్లకు కూలి ఇచ్చారా లేదా రాయండి. పేర్లు అక్కర్లేదు. వచ్చినవన్నీ కలిపి రెండు జిల్లాల కలెక్టర్ల దగ్గరికి తీసుకువెళ్తాం. పెద్దామె తానూ వస్తానంది, ఆ రోజు కూలి పోయినా సరేనంది.